పై గదిలో లీ క్రాస్నర్

జాక్సన్ పోలాక్ గురించి రాసేవాళ్ళలో జాజ్ సంగీతం ఊసెత్తనివాళ్ళు తక్కువ. నేల మీద పరిచిన కాన్వాసు, దాని చుట్టూ తిరుగుతూ చిలకరించే రంగు, ముందుగా గీసుకున్న నమూనా ఏదీ లేకపోవడం, ఇదంతా జాజ్‌లోని ఆశువు లాంటిదేనంటారు. కావచ్చు. నా ధ్యాస మాత్రం ఆ సంగీతం మోగిన ఇంటి మీదే. అతను రాత్రీ పగలూ, రోజుల తరబడి రికార్డులు పెట్టుకుని వింటుంటే ఇల్లు అదిరిపోయేదని చెప్పింది అతని భార్య లీ క్రాస్నర్. ఆమె కూడా అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారిణే.

జాజ్ ఆమెకేం కొత్త కాదు. పెళ్ళికి ముందే న్యూయార్కులో మాండ్రియాన్‌తో కలిసి ఆ సంగీతానికి డాన్సు చేసిన మనిషి. 1945లో ఇద్దరూ లాంగ్ ఐలాండ్‌లోని స్ప్రింగ్స్ అనే చిన్న ఊరికి మారారు. కొన్నాళ్ళకి పెరట్లో ఉన్న కొట్టం అతని స్టూడియో అయింది. ఆమెకి మేడ మీద పడకగది మిగిలింది. 1946 నుంచి 1950 దాకా ఆమె వేసిన 'లిటిల్ ఇమేజ్' బొమ్మలు చాలావరకు చిన్నవి, చదవడానికి రాని ఏదో లిపిలా కిక్కిరిసిన గీతలు. 1956లో పోలాక్ కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత ఆమె కొట్టంలోకి మారింది. 1957లో వేసిన 'ది సీజన్స్' వెడల్పు 17 అడుగులు!

గది చిన్నది కాబట్టే బొమ్మ చిన్నదైందని తేల్చేయడం నాకిష్టం లేదు. ఆ చిన్న బొమ్మల్లోని సాంద్రత ఆమె సాధించుకున్నది. పైగా ఆమె అతని కళని మనస్ఫూర్తిగా నమ్మింది. అయితే ఇష్టంగా వదులుకున్న చోటులో అన్యాయం ఉండదా?

నాకు జవాబు జాజ్‌లోనే కనిపిస్తుంది. ఒకరు ఆశువుగా చెలరేగిపోతుంటే బేసు, డ్రమ్ములు లయని పట్టుకుని నిలబడతాయి. తర్వాత వాటి వంతూ వస్తుంది, మన కచేరీలో మృదంగానికి తని ఆవర్తనం వదిలిపెట్టినట్టు. పక్కవాద్యంగా ఉండడం చిన్నతనం కాదు. వంతు తిరగని చోట మాత్రం అది సంగీతంలా కాక చాకిరీలా మారుతుంది. పోలాక్‌ని స్వేచ్ఛకి ప్రతీకగా మెచ్చుకున్న విమర్శకులు ఆ స్వేచ్ఛకి లయ ఎవరు పట్టారో పెద్దగా పట్టించుకోలేదు. (అతను విన్న గొంతుల్లో బిల్లీ హాలిడేది ఒకటి. 1947లో శిక్ష పడ్డాక ఆ నల్లజాతి గాయనికి న్యూయార్కులో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడే అనుమతే లేకుండా పోయింది. పోలాక్ కాన్వాసు మీద రంగు చిలకరించడాన్ని తన ప్రధాన పద్ధతిగా చేసుకుందీ ఆ ఏడే.)

1998లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పోలాక్ ప్రదర్శన పెట్టినప్పుడు అతను విన్న జాజ్ పాటలతో సీడీ కూడా తెచ్చారు. క్రాస్నర్ పునరావలోకన ప్రదర్శన 1983లో హ్యూస్టన్‌లో మొదలై, ఆ మ్యూజియానికి చేరేసరికి 1984 డిసెంబరు అయింది. ఆమె ఆ జూన్‌లోనే వెళ్ళిపోయింది.