స్మారక స్థలమున కుటుంబ చిత్రము

మృతుల సన్నిధిలో కుటుంబమంతయు నిలిచి ఫోటో తీయించుకొనుట తగునా? ఈ ప్రశ్న మనకు చిన్నది కాదు. నేడు మన ఇండ్లలో ప్రతి శుభకార్యమునకు ఫోటోలు ఉన్నవి. కాని తోటలకు కూలికి వచ్చిన మొదటి తరమువారి ఫోటో చాల ఇండ్లలో ఒక్కటియు లేదు. ఫోటో లేనివారిని తలచుకొనుటకు మనము ఎట్టి ఫోటో తీయించుకొనవలెను అనునదే నా విచారము.

మా అమ్మగారి చిన్నాన్న పేరాక్ రాష్ట్రములో ఒక కొబ్బరి తోటలో పనిచేసెడివారు. 1943లో జపానువారు ఆయనను సయాము రైలు మార్గపు పనికి తీసికొనిపోయినారు. ఆయన మరల రాలేదు. అప్పటికి మా అమ్మకు ఏడేండ్లు.

థాయిలాండు నుండి బర్మాలోని తన్‌బ్యుజయత్ వరకు 415 కిలోమీటర్ల ఆ మార్గము 1942లో ఆరంభమై, 1943 అక్టోబరులో పూర్తియైనది. అందు పనిచేసిన యుద్ధ ఖైదీలు 60,000కు పైబడి యుండగా, వారిలో 12,000 మందికి పైగా మరణించినారు. మలయా, బర్మా, జావా మొదలగు చోట్ల నుండి తెచ్చిన ఆసియా కూలీలు సుమారు 2,00,000 మంది. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బల వలన వారిలో 90,000 మంది వరకు మరణించిరని అంచనా. మలయా తోటల నుండి వెళ్ళినవారిలో అధికులు తమిళ సోదరులు. వారితోపాటు మన తెలుగువారును ఉండిరి.

2009 డిసెంబరు సెలవులలో అమ్మను తీసికొని మేము కాంచనబురి వెళ్ళితిమి. ముందుగా క్వాయ్ నది వంతెన చేరితిమి. బడిలో తరగతి ఫోటోలకు పిల్లలను నిలిపిన అలవాటుతో నేను పెద్దలను నడుమ, పిల్లలను ముందు, వంతెనను వెనుక ఉంచి, అందరిని నవ్వుమంటిని. అమ్మ కదలలేదు.

"ఈ ఫోటో చూసినవాళ్ళకి మనం ఇక్కడికి ఎందుకొచ్చామో తెలుస్తుందా బాబూ?" అని అడిగినది.

నాకు సమాధానము తోచలేదు. స్టూడియోలో వెనుక వ్రేలాడదీసిన బొమ్మల తెరవలె నేను ఆ వంతెనను వాడుకొంటిని. పైగా నేను నడుమ చేర్చిన కోణాకారపు ఇనుప చట్రములు, బాంబు దాడులలో కూలిన వాటికి బదులుగా యుద్ధానంతరము అమర్చినవి. నాటివి ప్రక్కనున్న వంపు చట్రములు. దేని ముందు నిలిచితినో నాకే తెలియదు!

తరువాత రైల్వే స్టేషను సమీపములోని యుద్ధ సమాధుల తోటకు పోతిమి. అక్కడ సుమారు 7,000 సమాధులు వరుసలు తీరియున్నవి. మా అమ్మాయి పలకలపై పేర్లను, వయస్సులను చదువుచుండగా అమ్మ వినుచు నడచినది. "వీళ్ళూ ఒక తల్లి బిడ్డలే" అని ఒక సమాధిపై పూవు ఉంచినది. మనవారి పేరు ఎక్కడను లేదు. సైనికుల పేర్లను వారి ప్రభుత్వములు భద్రపరచినవి. కూలీల పేర్లను అట్లు భద్రపరచినవారు లేరు. ఇది బాధాకరమే. అయినను ఆ బాధతో పరుల సమాధికి వీపు చూపుట ధర్మము కాదని అమ్మ నడవడి నాకు నేర్పినది.

చివరకు వాట్ థావోర్న్ వరారామ్ అను బౌద్ధాలయమునకు వెళ్ళితిమి. ఆ ప్రాంగణములో ఆసియా కూలీల అవశేషములపై కట్టిన స్మారకము కలదు. ఎండ తగ్గువరకు ఆగితిమి. అమ్మ స్మారకము ప్రక్కన నేలపై కూర్చున్నది. మనుమరాలు కెమెరావైపు గాక ఆమెవైపు చూచుచున్నది. మిగిలినవారు స్మారకము మరుగుపడకుండ ఒక ప్రక్కగా నిలిచిరి. నేను పదియడుగులు వెనుకకు పోయి ఫోటో తీసితిని. నవ్వుమని గాని, నవ్వవద్దని గాని ఎవరికిని చెప్పలేదు.

మరణించినవారి చోట ఫోటో అశుభమని కొందరు పెద్దలందురు. వారి మాటను నేను తేలికగా త్రోసివేయను. కాని మన తర్పణ విధిని చూడుడు. పేరు, గోత్రము పలికి పితరులకు నీరు వదలుదుము. బంధువులెవరును లేని మృతులకును నీరు వదలుదుము. స్మరించుట అశుభమైనచో ఆ విధియే ఉండదు. స్మరణ లేక, చూచినవారికి చూపుటకై మాత్రమే తీసిన చిత్రము నాకు దోషముగా తోచుచున్నది. పిల్లల నవ్వులో దోషము లేదు. చనిపోయినవారు తమ ఇండ్లలో కోరుకొన్నదియు ఆ నవ్వే గదా!

కనుక సోదర సోదరీమణులారా, అట్టి స్థలమునకు పోయినప్పుడు కెమెరా తీయకముందే పిల్లలకు కథ చెప్పుడు. సమాధిని త్రొక్కకుడు, దానిపై ఆనుకొనకుడు. అక్కడ మరియొక కుటుంబము మౌనముగా నిలిచియున్నచో వారు వెళ్ళువరకు ఆగుడు. స్మారకమునకు ముందుగాక ప్రక్కన నిలువుడు. ఇంటికి వచ్చిన పిదప ఫోటో వెనుక తేదీని, ఉన్నవారి పేర్లను, ఎవరి కొరకు వెళ్ళితిరో వారి పేరును వ్రాయుడు.

మా ఫోటో వెనుక అమ్మ చెప్పగా నేను తెలుగులో వ్రాసితిని. చిన్నాన్నగారి పేరు, తోట పేరు, 1943 అను సంవత్సరము, అంతే. నాకు తెలిసినంతవరకు ఆయన పేరు వ్రాసియున్న చోటు అది ఒక్కటే. ఆ ఫోటో ఇప్పుడు మా అమ్మాయి ఇంటిలో ఉన్నది. వెనుక వ్రాసినది ఆమె చదువగలదు. ఆమె పిల్లలును చదువగలుగునట్లు వారికి తెలుగు నేర్పుట మా ఇంట మిగిలియున్న పని.