పిల్లికి నా నియమమా?

మా అమ్మాయి ఉద్యోగానికి వెళుతూ తన పర్షియన్ పిల్లిని పోచంపాడ్‌లో నా దగ్గర వదిలి వెళ్ళింది. మా ఇంట్లోకి నీచు రాదు. అందుకే ఎంతో ప్రేమగా పాలన్నం పెట్టాను. నెల తిరక్కుండానే విరేచనాలు, నీరసం. దువ్వడానికి బద్ధకించానేమో, పొట్ట కింద బొచ్చంతా జడలు కట్టింది.

నిజామాబాద్‌లో పశువుల డాక్టరుగారు, "ఎదిగిన పిల్లులకు చాలావాటికి పాలు పడవమ్మా. వాటికి మాంసంలో, చేపల్లో ఉండే టారిన్ కావాలి. అది చాలకపోతే గుండె చెడుతుందని 1987లోనే తేల్చారు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అహింస నా నియమం. దాన్ని పిల్లిచేత పాటింపజేయడం హింస కాదూ? అసలా పొడుగాటి బొచ్చు మాత్రం అది కోరుకున్నదా? 1871లో లండన్‌లో పిల్లుల ప్రదర్శన పెట్టిన నాటినుంచీ మనుషులే ముచ్చటపడి, ఎంచి ఎంచి పెంచారు. ఇప్పుడా బొచ్చు దాని నాలుకకు లొంగదు. కనుక దువ్వడం దయ కాదు, బాకీ.

ఇప్పుడు రోజూ పావుగంట దువ్వుతున్నాను. డాక్టరుగారు చెప్పిన తిండితోపాటు శ్రీరాంసాగర్ చేపను ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి పెడుతున్నాను.

"చేపదీ ప్రాణమేగా?" అంటారు మావారు.

నిజమే. కానీ పిల్లిని గడప దాటించిన రోజే ఆ పాపమూ ఇంట్లోకి వచ్చింది. అది నాదే, పిల్లిది కాదు. మీరేమంటారు?