పనీ, పాటా, గెలుపూ

తెలుగులో "పనీపాటా" అని కలిపే అంటాం. ఊడ్పులకీ, దంపుళ్లకీ, తిరగలికీ పాటలున్నాయి. పని చేస్తున్న మనిషి గొంతులోంచే ఆ పాట వచ్చేది. పని ఎంతసేపో పాటా అంతసేపు. చివర్లో ఏదో గెలుస్తామని పాడింది కాదు. ఆయాసం మరవడానికీ, పక్కామె చేతితో తన చెయ్యి కలవడానికీ పాడుకున్నది.

సినిమా ఈ సంబంధాన్ని తలకిందులు చేసింది. 1976లో వచ్చిన 'రాకీ'లో ఒక పేద బాక్సర్ చీకటితో లేచి ఫిలడెల్ఫియా వీధుల్లో పరుగెత్తుతాడు. మ్యూజియం ముందున్న 72 మెట్లూ ఎక్కి చేతులు పైకెత్తుతాడు. బిల్ కాంటి సంగీతం మోగుతుంది. వారాల సాధన నిమిషాల్లో అయిపోతుంది. అతను పాడడు, అతని కోసం ఎవరో పాడతారు. ఆ పాటలోని కొద్దిపాటి మాటలు రాసింది కరోల్ కానర్స్, ఐన్ రాబిన్స్ అనే ఇద్దరు స్త్రీలు. ఆ బాణీ గుర్తున్న వాళ్లలో ఎందరికి ఈ పేర్లు తెలుసు?

తొలి సినిమాలో రాకీ ఓడిపోతాడు. పదిహేను రౌండ్లూ నిలబడితే చాలనుకుంటాడు, నిలబడతాడు. నాకు నచ్చింది అదే. 1979 నాటి రెండో భాగానికి అది చాల్లేదు. ప్రసవమయ్యాక కోమాలోకి వెళ్లిన భార్య ఏడ్రియన్ కళ్లు తెరిచి అతన్ని గెలవమంటుంది. అప్పుడు గానీ సాధన ఊపందుకోదు. ఆమె మంచం మీద, సంగీతం అతని వెనకాల!

మన దగ్గర 'తమ్ముడు' (1999)లో కిక్‌బాక్సింగ్ సాధనకి రమణ గోగుల పాట ఉంది. 2017లో సుధ కొంగర తీసిన 'గురు'లో బాక్సర్ కూరగాయలమ్మే అమ్మాయి. అయినా పేరు మాత్రం కోచ్‌ది. ఆ సినిమాలో వెంకటేష్ ఒక పాట కూడా పాడాడు.

ఈ పాటలంటే నాకు ఇష్టం లేక కాదు. థీసిస్ రాసే రాత్రుళ్లు నన్ను మేల్కొల్పినవి అవే. ఇబ్బంది మరోచోట ఉంది. ఒక సభలో నన్ను పరిచయం చేస్తూ "మిరపచేలోంచి డాక్టరేట్ దాకా" అన్నారు. చప్పట్లు కొట్టారు. ప్రత్తిపాడు పక్క ఊళ్లో మా అమ్మ ముప్పయ్యేళ్లు పత్తి తీసింది, మిరపకాయలు కోసింది, తొడిమలు తీసింది. మంటలెత్తే చేతులకి కొబ్బరినూనె రాసుకుని పడుకుంది. ఆ ముప్పయ్యేళ్లూ నా గెలుపుకి ముందొచ్చే మూడు నిమిషాల పాటైపోయాయి.

సాధన దృశ్యంలో ప్రతి షాటూ ముందు షాటుకంటే మెరుగ్గా ఉంటుంది. నిన్న ఆయాసపడ్డవాడు ఇవాళ ఎగురుతాడు. మిరపచేలో రెండో సాలు మొదటిదానికంటే తేలికవదు. నడుం ఇంకాస్త పట్టేస్తుంది, అంతే. రేపు మళ్లీ అదే పని. శ్రమలో అసలు సంగతి ఈ "మళ్లీ" అనేదే. కత్తెర పడేదీ దానికే.

నేను ఇంటర్ తప్పి ఊళ్లోనే ఉండిపోతే అమ్మ శ్రమ వ్యర్థమయ్యేదా? అదే చేలో, అదే కూలికి కాయలు కోసినా, పిల్లలు చదువుకోని మిగతా ఆడవాళ్ల సంగతేమిటి? శ్రమ విలువని కొడుకో కూతురో సాధించే విజయంతో కొలిస్తే వాళ్లందర్నీ లెక్కలోంచి తీసేసినట్టే. "పిల్లల కోసమేగా" అంటూ స్త్రీ బతుకంతా మరొకరి కథకి ముందుమాటగా మార్చడం మనకి కొత్త కాదు. అది పొగడ్తలాగే వినిపిస్తుంది కాబట్టి ఎదురు చెప్పడం కష్టం.

అమ్మ కోసిన కాయలు టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకి పోయాయి. ఎవరి వంటింట్లోనో కారమయ్యాయి. ఎవరో అన్నంలో కలుపుకుని తిన్నారు. ఆ పనికి అక్కడే ఫలం దక్కింది. రావలసిన కూలి పూర్తిగా దక్కిందా అన్నది అడగాల్సిన ప్రశ్న. నా డాక్టరేట్ దానికి జవాబు కాదు.