పేరు వేస్తే సరిపోతుందా?

సింగరేణి బొగ్గు గనుల మీద వీడియో చేసే గోదావరిఖని విద్యార్థి ఓపెన్‌కాస్ట్ ఫొటో ఒకటి నెట్‌లోంచి తీసుకుంటాడు. వెనకాల రచయిత గూడ అంజయ్య 'ఊరు మనదిరా' పాట పెడతాడు. కింద ఫొటో తీసినవాళ్ల పేరూ, అంజయ్య పేరూ వేసి, ఇక హక్కు వచ్చేసిందనుకుంటాడు. రాదు. పేరు వేయడం మర్యాద, అనుమతి వేరు. © గుర్తు వేయకపోయినా, రిజిస్టర్ చేయకపోయినా, ఫొటో తీసిన క్షణం నుంచే 1957 కాపీరైట్ చట్టం దాన్ని కాపాడుతుంది. అంజయ్య 2016లో కన్నుమూశారు. ఆయన రచనలపై హక్కు 2076 చివరిదాకా ఉంటుంది.

అలాగని బెదిరిపోకండి. సొంత చదువుకు, విమర్శకు, తరగతిలో పాఠానికి అదే చట్టంలోని 52వ సెక్షన్ చోటిచ్చింది. యూట్యూబ్ మాత్రం తరగతి కాదు. ఆ ఫొటో తీసింది మన రామగుండం స్టూడియో పిల్లగాడే కావచ్చు, ఒక్క ఫోన్ చేసి అనుమతి అడగండి. చాలామంది సంతోషంగా ఇస్తారు.