మౌనం ఎప్పుడు అంగీకారమవుతుంది?

సాఫ్ట్‌వేర్ తన పనితీరు గురించిన సమాచారాన్ని వాడుకరి యంత్రం నుంచి తయారీదారుకు తానే చేరవేయడాన్ని టెలిమెట్రీ అంటారు. ఏ సౌకర్యాన్ని ఎన్నిసార్లు వాడారు, ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోయింది వంటి లెక్కలు అందులో ఉంటాయి. వాడుకరి ఒప్పుకున్నాకే ఈ చేరవేత మొదలవాలా, లేక దానంతటదే మొదలై వద్దన్నవారి దగ్గర మాత్రం ఆగిపోతే సరిపోతుందా అన్నది పాత తగాదాయే. గూగుల్‌లో పుట్టిన గో ప్రోగ్రామింగ్ భాషకు అప్పట్లో సాంకేతిక సారథిగా ఉన్న రస్ కాక్స్ 2023 ఫిబ్రవరిలో రెండో పద్ధతిని ప్రతిపాదించి, వాడుకరుల అభ్యంతరాలు విన్న తరువాత మొదటి పద్ధతికి మారడంతో ఆ తగాదా అరుదైన స్పష్టతతో బయటపడింది. అందులోని రెండు పక్షాలనూ ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకూ ఒక తర్కశాస్త్ర అధ్యాపకురాలికీ మధ్య వాదంగా కూర్చడమైనది.

“మేడమ్, ఆ ప్రతిపాదనలో దొంగచాటు వ్యవహారమేమీ లేదు” అని ఇంజనీరు మొదలుపెట్టాడు. “మనిషి పేరు గానీ గుర్తింపు సంఖ్య గానీ వెళ్లదు. వెళ్లేవి వట్టి లెక్కలు, ఏ లెక్కలు సేకరిస్తారో ఆ జాబితా కూడా బహిరంగమే. యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని యంత్రాల నివేదికలు చాలు కాబట్టి ప్రతి యంత్రమూ ప్రతి వారమూ పంపనక్కరలేదు. ఇష్టం లేనివారు ఒక్క ఆదేశంతో ఆపేసుకోవచ్చు. ఇంత జాగ్రత్త తీసుకున్నాక, ఊరుకున్నవారు ఒప్పుకున్నట్టే కదా? మౌనం అర్ధాంగీకారమని పెద్దలు ఊరికే అనలేదు.”

“ఆ మాట చెల్లేది అడిగినచోట” అన్నది అధ్యాపకురాలు. “నలుగురి ఎదుట ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగినప్పుడు ఎదుటి మనిషి మౌనానికి ఏదో ఒక అర్థం ఉంటుంది. ఆ అర్థాన్ని నమ్ముకుని ఎన్ని పెళ్లిళ్లు తప్పుగా జరిగిపోయాయో అది వేరే సంగతి. ఇక్కడ ప్రశ్న ఉన్నదనే వాడుకరికి తెలియదు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 అక్టోబరులో ప్లానెట్49 కేసులో, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని తీసివేయకపోవడం సమ్మతి కిందకు రాదని తేల్చింది. ఆ గడిని అసలు అతడు చూశాడో లేదో చెప్పగలిగేదెవరు?”

ఇంజనీరు అప్పుడు తన పక్షంలోని బలమైన వాదాన్ని బయటికి తీశాడు. గోప్యతను సమర్థించేవారు సాధారణంగా దాటవేసే వాదం ఇదే. అడిగితే ఒప్పుకునేవారు కొందరే, వారు కూడా ఓపికా ఆసక్తీ మంచి యంత్రమూ ఉన్నవారే అయ్యే అవకాశం ఎక్కువ. పాత ఫోనులో తెలుగు ఒత్తులు అక్షరం కింద నిలవక పక్కకు జరిగి కనబడుతుంటే అవస్థపడే మనిషి ఆ లెక్కలోకి రాడు, రాడు గనుక అతని ఇబ్బంది తీరదు. “మీరు కాపాడుతున్న గోప్యతకు వెల కట్టేది అతడే” అన్నాడు.

“వెల ఉన్నమాట నిజమే, దాన్ని తగ్గించే భారం ఎవరిదన్నదే తేలాలి. జనాభా లెక్కలకు వెళ్లినవారు, తలుపు తీయలేదని తాళం పగలగొట్టరు, మరోసారి వెళ్లి తడతారు.”

“ఎన్నిసార్లు తట్టినా, చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అన్నచోట నొక్కేసే జనమే కదా మేడమ్! అలాంటి సమ్మతికి విలువేముంది?”

ఆమె ఈ ఆక్షేపణను కొట్టిపారేయలేదు. భారతదేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావు లేకుండా ఇచ్చినదై ఉండాలంటూనే, అంతటితో ఆగలేదని గుర్తుచేసింది. ఫోను ద్వారా వైద్య సలహా ఇచ్చే ఒక యాప్ సలహాకు కావలసిన వివరాలతో పాటు ఒక వాడుకరి ఫోన్‌లోని నంబర్ల జాబితాను కూడా అడిగిందనీ, ఆ వాడుకరి రెండింటికీ సరేనన్నదనీ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. వైద్య సలహాకు ఆ జాబితా అవసరం లేదు కాబట్టి, ఆమె సరేనన్నా ఆ సమ్మతి వైద్య సేవ వరకే చెల్లుతుందని చట్టం చెబుతుంది. “పైగా ఆ జాబితాలో ఉన్నవి ఆమె అక్కవి, ఇంటి యజమానివి, పాలవాడివి, వారి తరఫున సరేననే హక్కు ఆమెకు ఎక్కడిది? అందువల్ల మొదట తేలవలసింది అవసరం, సమ్మతి దాని తరువాతిది.”

“అయితే టెలిమెట్రీ అవసరం కాదంటారా?”

“మీకు అవసరమే, ప్రోగ్రాం నడవడానికి కాదు. అది లేకపోయినా నడిచే పనికి దాన్ని అడిగి పుచ్చుకోవాలి.”

2024 ఆగస్టులో విడుదలైన గో 1.23 ఇంచుమించు ఈ దారినే పట్టింది. లెక్కలు వాడుకరి సొంత యంత్రంలోనే పోగవుతాయి, అతడు స్వయంగా ఆదేశిస్తే తప్ప బయటికి పోవు. అలా పోగుచేయడానికి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదని ఇంజనీరు ఎత్తిచూపితే, తన యంత్రంలో తాను చూసుకుని చెరిపేసుకోగల లెక్కను సేకరణ అనవచ్చునో లేదో ఇంకా ఆలోచించవలసిందేనని అధ్యాపకురాలు ఒప్పుకున్నది.

“ఏది ఏమైనా ఆ పాత ఫోను మనిషి లెక్కలోకి రాలేదు” అన్నాడతడు.

“అతన్ని ఏ భాషలో అడిగారు? చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలి.”

“ప్రస్తుతానికి సమ్మతి అడిగే మా తెర ఇంగ్లీషులోనే ఉంది.”

“అయితే అతడు ఒప్పుకోడన్న మాట ఇంకా ఊహే, దాన్ని హేతువుగా చూపడానికి వీల్లేదు” అన్నది అధ్యాపకురాలు.