తిరిగి చెప్పిన కథ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. పొద్దెక్కాక, కూలిపోయిన కొబ్బరితోటలో తన తండ్రి ఎలా తిరిగాడో ఉద్దానం కుర్రాడొకడు కథగా రాసి ముగ్గురికి వినిపించాడు.

టెక్కలిలో రిటైరైన మాస్టారు, "యాస తీసెయ్యి. మొదట్లో తోట వర్ణన మరీ సాగింది" అన్నారు. కాశీబుగ్గ స్నేహితుడు, "అదిరిందిరా! చివర్లో ఆ రైతు చేత ఒక కొత్త మొక్క నాటించు" అన్నాడు. పలాసలో జీడిపిక్కలు కొట్టే సిన్నమ్మ మాత్రం, "బాగున్నాదిరా" అని ఊరుకుంది.

కుర్రాడు అందరి మాటా విన్నాడు. వర్ణన తగ్గింది, యాస పోయింది, మొక్క వచ్చింది. రాసింది చదువుకుంటే తండ్రి కనిపించలేదు. వెళ్లి సిన్నమ్మతో మొరపెట్టుకున్నాడు.

"ఓరి గుంటడా, ఆల మాట పట్టీముందు నీ కత ఆల్నే తిరిగి సెప్పమను. ఎవులేటి ఇన్నారో తెలిసిపోతాది" అందామె.

అలాగే అడిగాడు. స్నేహితుడు చెప్పిన కథలో కష్టాలకు ఎదురొడ్డి గెలిచిన రైతున్నాడు. కుర్రాడు అలాంటి మనిషిని రాయనేలేదు. మాస్టారు చెప్పింది అచ్చంగా అతని కథే: పడిన ప్రతి చెట్టు దగ్గరా ఆగి, మొదలు తడిమి, ముందుకు కదిలిన తండ్రి. తోట వర్ణన ఆయనకు గుర్తే లేదు. తండ్రి మాట దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆయన నోట యాసే వచ్చింది: "ఇంకేటి మిగిలినాదిరా!"

కుర్రాడు మొక్కను పీకేశాడు. వర్ణన కొట్టేశాడు. యాసను తిరిగి తెచ్చుకున్నాడు.

నీతి: సలహాను హోదాతోనో మెప్పుతోనో తూచకూడదు. చెప్పేవాడు విన్నది నీ కథేనా అన్నది ముందు తేల్చుకోవాలి. వేరే కథ కావాలనేవాడికి దండం పెట్టి, దాన్ని అతన్నే రాసుకోమనాలి. నీ కథే విన్నవాడు ఏం మరిచిపోయాడో చూసి అక్కడ దిద్దాలి. అలాగని అతని మాటా మొత్తం వేదం కాదు. ఈ జిల్లా కథకుడు కాళీపట్నం రామారావు రాసిన 'యజ్ఞం' కథ ముగింపు మీద విమర్శకులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ముగింపు మాత్రం ఆయన రాసినట్టే ఉంది. పాఠకుడు తడబడిన చోటు చూపగలడు; దాన్ని ఎలా దిద్దాలో, అసలు దిద్దాలో లేదో తేల్చాల్సింది రాసినవాడే.