గురువు లేని వాద్యాలు

నార్వే గాయకుడు ఐనార్ సెల్విక్ మొదట్లో డ్రమ్స్ వాయించేవాడు. 2000ల తొలి ఏళ్లలో గోర్గోరోథ్ అనే బ్లాక్ మెటల్ బృందంలో క్విట్రాఫ్న్ అన్న మారుపేరుతో ఉన్నాడు. 2003లో అతని సంగీత బృందం వార్డ్రూనా మొదలైంది; గాల్, లిండీ ఫాయ్ హెల్లా తోడయ్యారు. చెవులు చిల్లులుపడే డ్రమ్స్ వదిలి గుర్రపు వెంట్రుకల తీగలున్న టాగెల్‌హార్పె, మేకకొమ్ము బూర, లైర్ అనే తీగవాద్యం పట్టుకున్న మనిషిని చూసి ఇది వైకింగుల మీది మోజని తేల్చేయడం సులువు. నాకు అతని పనిలో కనిపించేది మరొకటి. పరంపర తెగిన చోట పాట కట్టేవాడికి, పరంపరను అందుకున్నవాడికంటే ఎక్కువ కట్టుబాటు కావాలి. దాన్ని ఎవరూ ఇవ్వరు, తనకు తనే పెట్టుకోవాలి.

తెగిపోయింది ఎంతో ముందు చూడాలి. వైకింగుల కాలపు పాట ఒక్కటి కూడా స్వరాలతో మిగల్లేదు. స్కాండినేవియాలో స్వరాలతో దొరికిన తొలి లౌకిక గీతం 1300 ప్రాంతంలో రాసిన కోడెక్స్ రూనికస్ చివరి పుటలో ఉంది, అదీ ఒక చిన్న తునక. పదో శతాబ్దంలో వైకింగుల హెడెబీ రేవుకు వెళ్లిన అండలూసియా యాత్రికుడు అల్-తర్తూషీ అయితే అక్కడివాళ్ల పాటను కుక్కల అరుపుతో పోల్చాడు. వాద్యాల కథ అంత నిరాశగా లేదు. కొమ్ము బూర పశువుల కాపరుల దగ్గర బతికింది. కమానుతో వాయించే లైర్ ఎస్టోనియాలోని స్వీడిష్ పల్లెల్లో, ఫిన్లాండ్‌లో నిలిచింది. నుమెదాల్ లోయ నుంచి వచ్చిన క్రవిక్ లైర్ మాత్రం చెక్కగా మిగిలిందేగాని, దాన్ని వాయించే తీరు వెంట రాలేదు. సెల్విక్ ఇన్ని వాద్యాలు చేతపట్టడాన్ని బహుముఖ ప్రజ్ఞ అనేస్తుంటారు. కానీ నేర్పేవాళ్లు లేని వాద్యం ఏ స్వరాలకు ఒదుగుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో వాయించిచూస్తేనే తెలుస్తుంది. కట్టబోయే పాటకు ఆ మొరాయింపే తొలి హద్దు.

రెండో హద్దు ఉత్తర ఐరోపా ప్రాచీన లిపి అయిన రూన్. పాత రూన్ వరుసలో 24 అక్షరాలు. వాటికి ఎనిమిదేసి చొప్పున పాటలు కడుతూ 2009, 2013, 2016లలో మూడు ఆల్బమ్‌లు తెచ్చాడు. ఒక్కో రూన్ అర్థానికి తగిన చోటికి వెళ్లి ధ్వనులు పట్టుకున్నాడు. నీటికి చెందిన రూన్ పాటను నదిలో నిలబడి పాడాడు. రికార్డింగ్ గదిలో ఏ ధ్వనినైనా పుట్టించగల రోజుల్లో ఇది చాదస్తమే. కానీ నదిలో నిలబడ్డవాడి ఊపిరి గదిలో కూర్చున్నవాడి ఊపిరిలా నడవదు. ఆ తేడా మనం పసిగట్టలేకపోయినా, పాడేవాడి చేతిలోంచి కొంత స్వేచ్ఛను అది లాగేసుకుంటుంది. అదే కావాల్సింది.

"ఇది అసలు వైకింగు సంగీతం కాదుగా?" అంటారు. కాదు, పాతదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి నిలబెడుతున్నానని సెల్విక్ చెప్పుకోనూ లేదు. తెలుగు శ్రోతకు ఇది కొత్త చిక్కు కూడా కాదు. అన్నమయ్య రాగిరేకుల్లో సాహిత్యం, రాగాల పేర్లు ఉన్నాయి, స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టిన వరసలను మనం భక్తిగానే వింటున్నాం. సెల్విక్‌కు రాగం పేరైనా దొరకలేదు, అంతే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. 'వైకింగ్స్' సీరియల్, 2020లో వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా' గేమ్ అతని గొంతును ప్రపంచమంతా మోసుకెళ్లాయి. ఫలితంగా ఒక మనిషి ఊహ కోట్లమందికి చరిత్ర జ్ఞాపకంగా స్థిరపడుతోంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పాట కట్టినవాడు ఎంత నిజాయితీగా చెప్పినా, టీవీ ముందు కూర్చున్నవాడికి ఆ మాట చేరదు. రూన్‌ల విషయంలో ప్రమాదం ఇంకా పాతది: నాజీల ఎస్‌ఎస్ దళం తన చిహ్నాన్ని వాటి నుంచే తీసుకుంది, జాతివాదులు ఇప్పటికీ వాడుకుంటున్నారు. సెల్విక్ ఆ వాడకాన్ని బహిరంగంగానే వ్యతిరేకించాడు. అపహరించినవాళ్లకు భయపడి ఆ అక్షరాలను వదిలేస్తే అవి వాళ్ల సొత్తుగానే మిగులుతాయన్న వాదన నాకు సబబుగా తోస్తుంది. 2014లో నార్వే రాజ్యాంగం 200 ఏళ్ల పండుగ కోసం ఎన్‌స్లేవ్డ్ బృందానికి చెందిన ఈవార్ బ్యోర్న్‌సన్‌తో కలిసి అతను 'స్కుగ్‌షో' అనే సంగీత కృతి కూర్చాడు. పాత దేవతల పేర్లు పలకడానికీ రాజ్యాంగాన్ని గౌరవించడానికీ వైరం లేదని ఆ వేదిక చూపించింది.

ఇక ఈ సంగీతంలో ఉన్నదంతా ప్రతిధ్వని, పొరలు పొరలుగా పేర్చిన గొంతులు, సినిమా పొగ మాత్రమే అనే విమర్శ. దీన్ని 2018 నాటి 'స్కాల్డ్' ఆల్బమ్ మీద పరీక్షించవచ్చు. అందులో పొరలు లేవు. ఒక గొంతు, చేతిలో ఒక వాద్యం, అలా పాడుతుండగానే రికార్డు చేసినవి. బృందంతో విన్నప్పుడు గంభీరంగా తోచినదంతా ఇక్కడ అదే బరువుతో నిలబడదు, పునరుక్తి బయటపడుతుంది. కానీ మరణించినవారిని సాగనంపే 'హెల్‌వేగెన్' మాత్రం ఒంటిగా పాడినప్పుడే బాగుంది.